ఫోన్ ముసలిదైందా, ఎవరైనా చొరబడ్డారా? తేల్చుకునే పద్ధతి

మూడు నాలుగేళ్లు వాడిన ఫోన్ ఊరికే వేడెక్కుతుంది. పొద్దున నిండుగా ఉన్న ఛార్జింగ్ మధ్యాహ్నానికి అడుగంటుతుంది. ముట్టుకోకుండానే యాప్‌లు తెరుచుకుంటాయి. ఎవరో హ్యాక్ చేశారన్న అనుమానం అక్కడే మొదలవుతుంది. చిక్కేమిటంటే, హ్యాక్ అయిన ఫోన్ లక్షణాలని అందరూ చెప్పే వేడి, ఛార్జింగ్ దిగడం, నెమ్మదించడం, దానంతటదే రీస్టార్ట్ అవడం, ఇవన్నీ అరిగిపోయిన బ్యాటరీ లక్షణాలు కూడా. ఆ జాబితా పట్టుకుని కూర్చుంటే ఏదీ తేలదు.

తేల్చే ప్రశ్నలు వేరు. నెట్ తీసేస్తే ఆ తంటా ఆగుతోందా? మీరు వేసుకున్న యాప్‌లను పక్కన పెడితే ఆగుతోందా? మీరు ఇవ్వని అనుమతులు ఏ యాప్ చేతిలోనైనా ఉన్నాయా? మీ ఖాతాల్లో మీవి కాని ఫోన్లు, కంప్యూటర్లు కనిపిస్తున్నాయా? మీ డబ్బు కోసమో, మెసేజీల కోసమో లోపలికి వచ్చినవాడికి మీ ఫోన్ చక్కగా నడవడమే కావాలి. అందుకే ఫోన్ ఎంత గోల చేస్తే అంతగా దాని ఒంట్లోని జబ్బునే ముందు అనుమానించాలి. దీనికి లొంగనివి ప్రకటనలు కురిపించే యాప్‌లు. వాటి బతుకే గోల మీద.

ఇవన్నీ తీరిగ్గా చేసే పరీక్షలు. మీరు చేయని లావాదేవీ ఖాతాలో కనిపించినా, అడగని ఓటీపీలు వరసగా వస్తున్నా, చుట్టుపక్కల అందరి ఫోన్లలో సిగ్నల్ ఉండగా మీ సిమ్ మాత్రం గంటల తరబడి సర్వీస్ లేదని చూపిస్తున్నా వీటి జోలికి రాకండి. ముందు వేరే ఫోన్ నుంచి బ్యాంకుకీ, సిమ్ కంపెనీకీ ఫోన్ చేయండి. మీ నంబరు మీద మరొకరు కొత్త సిమ్ తీసుకుంటే మీ చేతిలోని సిమ్ అలాగే చచ్చిపోతుంది. పాత ఫోన్లో యాంటెన్నా పాడైనా సిగ్నల్ పోతుంది కదా అంటే, తేడా పట్టడం తేలికే: సిమ్ తీసి వేరే ఫోన్లో వేయండి. అక్కడ పనిచేస్తే తప్పు మీ ఫోన్‌ది. అక్కడా పనిచేయకపోతే క్షణం ఆలస్యం వద్దు.

మూడు రాత్రుల పరీక్ష

దీనికి కావలసింది ఒక కాగితం, కాస్త ఓపిక. మొదటి రాత్రి ఫోన్‌ను నిండుగా ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఏరోప్లేన్ మోడ్ పెట్టండి. ఇప్పటి ఫోన్లు ఏరోప్లేన్ మోడ్‌లోనూ వైఫై, బ్లూటూత్‌లను ఒక్కోసారి అలాగే ఉంచేస్తాయి కాబట్టి ఆ రెండూ విడిగా ఆపారో లేదో చూసుకోండి. ఎంత శాతం ఉందో, టైమెంతో రాసుకుని పడుకోండి. అలారం మోగుతుంది, భయం లేదు. రెండో రాత్రి ఏరోప్లేన్ మోడ్ అలాగే ఉంచి వైఫై ఒక్కటే వేయండి. మూడో రాత్రి ఏరోప్లేన్ మోడ్ తీసేసి, సిమ్‌తో సహా మామూలుగా వదిలేయండి.

బాగున్న ఫోన్ 8 గంటల్లో మొదటి రాత్రి సుమారు 2 నుంచి 4 శాతం, రెండో రాత్రి 5 నుంచి 8 శాతం దిగుతుంది. మొదటి రాత్రే 15 శాతం దాటిందంటే చాలావరకు బయటివాళ్ల పని కాదు. బ్యాటరీ అరిగిపోయి ఉండొచ్చు, లేదా లోపలి బోర్డు మీద ఏదో భాగం కరెంటు తాగుతూ ఉండొచ్చు. మొదటి రాత్రి బాగుండి రెండో రాత్రి దబ్బున పడిపోతే నెట్ వాడుకునే యాప్ ఏదో నిద్రపోనివ్వడం లేదు. అది దొంగ యాప్ కావచ్చు, వెయ్యి ఫొటోలను క్లౌడ్‌కు ఎక్కిస్తున్న గ్యాలరీ కూడా కావచ్చు. మూడో రాత్రి మాత్రమే పడిపోతే బహుశా సిగ్నల్ బలహీనంగా ఉంది. టవర్ దూరమైతే ఫోన్ తన రేడియోను గట్టిగా నడుపుతూ మాటిమాటికీ వెతుక్కుంటుంది. ఇలా ఖర్చయ్యే ఛార్జింగ్‌ను హ్యాకింగ్ ఖాతాలో వేసేవాళ్లు చాలామంది.

తెల్లారాక సెట్టింగ్స్‌లో బ్యాటరీ వాడకం తెరవండి. బ్యాటరీ ముసలిదైతే అందులో ఏ ఒక్క యాప్ దోషిగా కనిపించదు. అన్నీ ఎప్పటి నిష్పత్తిలోనే ఉంటాయి, రోజు మాత్రం కుదించుకుపోతుంది. మీరు తెరవని యాప్ ఒకటి పైవరసలో కూర్చుంటే దాని పేరు రాసుకోండి. మొబైల్ డేటా వాడకంలోనూ దాన్నే వెతకండి. తెరవని యాప్ బ్యాక్‌గ్రౌండ్‌లో వందల ఎంబీలు పంపుతుంటే సమాధానం చెప్పాల్సింది అదే.

బ్యాటరీ చేసే మాయలు

లిథియం అయాన్ బ్యాటరీకి వయసు మీరితే రెండు జరుగుతాయి. పట్టే ఛార్జింగ్ తగ్గుతుంది, లోపలి నిరోధకత పెరుగుతుంది. తికమక పెట్టేది రెండోది. ఫ్లాష్ వేసి ఫొటో తీసినప్పుడో, వీడియో కాల్ కలిపినప్పుడో ఫోన్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. నిరోధకత పెరిగిన బ్యాటరీలో ఆ క్షణానికి వోల్టేజీ కుంగిపోతుంది, కనీస స్థాయి తప్పగానే ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. 30 శాతం ఉన్న ఫోన్ టక్కున ఆరిపోయి, ఛార్జర్ తగిలించగానే మళ్లీ 27 చూపించడం ఇందువల్లే. చలిలో ఇంకా ఎక్కువ. శాతం 40 నుంచి 12కి దూకడం కూడా ఈ కోవలోదే. ఇందులో దయ్యమూ లేదు, హ్యాకరూ లేడు.

ఇలా ఆరిపోకుండా ఉండటానికి ఫోన్లే కావాలని వేగం తగ్గించుకోవడమూ ఉంది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1 పాత ఐఫోన్లలో ఆ పని చేసింది. ఆ ఏడాది డిసెంబరులో ఆపిల్ ఆ సంగతి ఒప్పుకుంది. తర్వాత 2018లో ఐఓఎస్ 11.3తో బ్యాటరీ ఆరోగ్యం చూసుకునే పేజీ ఇచ్చింది. ఐఫోన్ అయితే సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ అని వెళ్లండి. 80 శాతానికి దిగువన ఉంటే మిగతా పరీక్షలన్నీ బ్యాటరీ మార్చాకే. ఆపిల్ లెక్క ప్రకారం ఐఫోన్ 14 వరకు 500 పూర్తి ఛార్జింగ్ చక్రాలకు, ఐఫోన్ 15 నుంచి 1000 చక్రాలకు బ్యాటరీ 80 శాతం దగ్గర ఉండాలి. ఆండ్రాయిడ్‌లో ఈ పేజీ కొన్నింటికే ఉంటుంది. లేని ఫోన్లలో ఆక్యుబ్యాటరీ లాంటి యాప్ వేసి వారం పాటు ఛార్జింగ్‌లను కొలవనిస్తే మిగిలిన సామర్థ్యం అంచనాగా తెలుస్తుంది. ఒక్కరోజు అంకెను నమ్మకండి.

ఫోన్‌ను చదునైన బల్ల మీద వెల్లకిలా పెట్టి గిర్రున తిప్పండి. తిరిగిందంటే వెనకభాగం ఉబ్బి ఉండొచ్చు. డిస్‌ప్లే అంచున సందు కనిపించినా, తెర మధ్యలో పసుపు మచ్చ తేలినా బ్యాటరీ ఉబ్బి లోపలి నుంచి నెడుతూ ఉండొచ్చు. ఇక ఆ ఫోన్‌ను ఛార్జింగ్‌కు పెట్టకండి, నొక్కకండి, గుచ్చకండి. హ్యాకింగ్ సంగతి తర్వాత, ముందు అది అంటుకోకుండా చూసుకోవాలి.

వేడి విషయంలో ఒక్క మాట. ఛార్జింగ్‌లోనూ, ఆటల్లోనూ, ఎండలోనూ వేడెక్కడం మామూలే. పెద్ద అప్‌డేట్ పడ్డాక ఒకటి రెండు రోజులు ఫోన్ ఫొటోలను, యాప్‌లను మళ్లీ సర్దుకుంటూ వేడిగానే ఉంటుంది. ఏ పనీ లేకుండా, ఛార్జర్ లేకుండా, తెర ఆర్పి గంటసేపు పక్కన పెట్టినా వెచ్చగానే ఉంటే అప్పుడు పట్టించుకోండి.

తెర దానంతటదే నొక్కుకుంటుంటే

అందరినీ ఎక్కువగా భయపెట్టేది ఇదే. ఎవరో దూరం నుంచి మన ఫోన్ నడుపుతున్నట్టే కనిపిస్తుంది. ముందు వైఫైతో సహా నెట్ మొత్తం ఆపేయండి. అయినా నొక్కుకుంటూనే ఉంటే అవతల మనిషి లేడు, చాలావరకు తప్పు టచ్ ప్యానెల్‌దే.

ఆండ్రాయిడ్‌లో దీన్ని కళ్లారా చూడొచ్చు. అబౌట్ ఫోన్‌లో బిల్డ్ నంబర్ మీద 7 సార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ ఆన్ చేసి ఫోన్‌ను బల్ల మీద వదిలేయండి. గీతలు ఎప్పుడూ ఒకే అంచునో, ఒకే నిలువు పట్టీలోనో పుడుతుంటే ప్యానెల్ లోపమే. చూశాక ఆ ఆప్షన్ ఆపేయడం మరవకండి.

ఛార్జర్ తగిలించినప్పుడే ఈ పిచ్చి పడితే ఛార్జర్ మార్చి చూడండి. నాసిరకం ఛార్జర్ల నుంచి వచ్చే విద్యుత్ రొదను టచ్ పొర వేలి స్పర్శ అనుకుంటుంది. స్క్రీన్‌గార్డు కింద చేరిన తేమ, వంగిన ఫ్రేమ్, డిస్‌ప్లే మార్చినప్పుడు వేసిన నకిలీ ప్యానెల్, ఉబ్బుతున్న బ్యాటరీ, ఇవన్నీ ఇదే పని చేస్తాయి. నిజంగా దూరం నుంచి ఫోన్ నడిపేవాడి తీరు వేరు. పిచ్చి నొక్కుళ్లు ఉండవు. వరసగా బ్యాంకు యాప్ తెరుచుకుని, అంకెలు పడి, వెనక్కి వెళ్లడం ఉంటుంది. చాలాసార్లు తెర నల్లగా మారడమో, అప్‌డేట్ అవుతోందన్న బొమ్మ అడ్డం పడటమో కూడా.

బటన్లు, రంధ్రాలు

వాల్యూమ్ గీత ఊరికే కనిపించడం, స్క్రీన్‌షాట్లు వాటంతటవే పడటం అరిగిన బటన్ల పని. పవర్ బటన్ లోపలికి ఇరుక్కుంటే ఫోన్ రీస్టార్ట్ మీద రీస్టార్ట్ అవుతుంది. పాట దానంతటదే ఆగి మోగడం, వాయిస్ అసిస్టెంట్ పిలవకుండానే పలకడం హెడ్‌ఫోన్ జాక్‌లో చేరిన మురికి వల్ల జరుగుతుంది. ఇయర్‌ఫోన్ మీది బటన్ నొక్కారనుకుంటుంది పాపం. ఛార్జింగ్ పోర్టులో దుమ్మో తేమో ఉంటే ఛార్జింగ్ ఎక్కుతూ ఆగుతూ అర్ధరాత్రి తెర వెలుగుతుంటుంది. ఫోన్ ఆపేసి, లోహపు పిన్ను కాకుండా చెక్క పుల్లతో మెల్లగా శుభ్రం చేస్తే సగం దయ్యాలు అక్కడే వదులుతాయి.

డిస్‌ప్లేనో, బ్యాటరీనో, ఛార్జింగ్ పోర్టో మార్చిన ఐఫోన్ సుమారు 3 నిమిషాలకోసారి రీస్టార్ట్ అవుతుంటే ఏదో సెన్సార్ తీగ సరిగా అతకలేదని అర్థం. ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోని అనలిటిక్స్ డేటాలో 'పానిక్ ఫుల్' పేరుతో మొదలయ్యే ఫైళ్లు అదే టైములకు ఉంటాయి. రిపేరు చేసేవాళ్లకు అవి చూపిస్తే వెతుకులాట తగ్గుతుంది.

నెమ్మదించడం, యాప్‌లు మూసుకుపోవడం

స్టోరేజీలో కనీసం 10 శాతం ఖాళీ లేకపోతే చాలా ఫోన్లు ఈడుస్తాయి. ముందు అది చూడండి. ఖాళీ ఉన్నా ఫొటోలు తెరుచుకోకపోవడం, సేవ్ చేసినవి మాయమవడం, స్టార్టింగ్ లోగో దగ్గరే ఆగిపోవడం మొదలైతే ఫైళ్లను దాచే ఫ్లాష్ మెమరీ చిప్ అరిగిపోతూ ఉండొచ్చు. దాన్ని హ్యాకర్ ఫైళ్లు చెరిపేస్తున్నాడని పొరబడి యాంటీవైరస్‌లు వేస్తూ కూర్చుంటే ఉన్న ఫొటోలూ పోతాయి. ఆ రోజే బ్యాకప్ తీసుకోండి.

సాఫ్ట్‌వేర్ వయసు మీరడం మరో రకం. వెబ్‌సైట్లన్నీ కనెక్షన్ సురక్షితం కాదంటుంటే ముందు ఫోన్‌లో తేదీ, టైము సరిగ్గా ఉన్నాయేమో చూడండి. పాత ఫోన్ పూర్తిగా ఆరిపోయి వెలిగాక గడియారం వెనక్కి పోవడం ఉంటుంది. 2021 సెప్టెంబరు 30న వెబ్‌సైట్లు అసలైనవేనని ఫోన్ నమ్మడానికి ఆధారమైన ఒక పాత రూట్ సర్టిఫికెట్ గడువు తీరినప్పుడు పాత డివైజులు ఎన్నో ఇలాగే హెచ్చరికలు చూపాయి. అదే ఏడాది మార్చిలో యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించే ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అప్‌డేట్ ఒకటి చెడి, ప్రపంచమంతా యాప్‌లు తెరిచినవి తెరిచినట్టే మూసుకుపోయాయి. అందరికీ ఒకేసారి వచ్చిన జబ్బు మీ ఒక్కరి మీద దాడి కాదు.

ఇప్పుడు దొంగను వెతకడం

మీ ఫోన్‌లో 13 వైరస్‌లున్నాయి, వెంటనే శుభ్రం చేయండి అని అరిచే నోటిఫికేషన్ దాదాపు ఎప్పుడూ బ్రౌజర్ నుంచే వస్తుంది. ఎప్పుడో ఏదో సైటుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. ఐఫోన్‌లో ఇలాంటివి క్యాలెండర్‌లో ఈవెంట్లుగా పడుతుంటే, మీకు తెలియకుండా చేరిన క్యాలెండర్ సబ్‌స్క్రిప్షన్‌ను తొలగిస్తే చాలు. హోమ్ స్క్రీన్ మీదే తెర నిండా ప్రకటన వస్తే మాత్రం ఏదో యాప్ ఆ పని చేస్తోంది. ప్రకటన ఉండగానే రీసెంట్ యాప్‌ల తెర తెరవండి, ఆ కార్డు పైన యాప్ బొమ్మ దొరుకుతుంది.

ఆండ్రాయిడ్‌లో అన్నిటికన్నా ముందు చూడాల్సింది యాక్సెసిబిలిటీ. చూపు, కదలిక ఇబ్బందులున్న వాళ్ల కోసం పెట్టిన ఈ అనుమతి దక్కిన యాప్ తెర మీదున్నది చదవగలదు, మీ బదులు నొక్కగలదు. బ్యాంకు డబ్బు దోచే మాల్వేర్‌కు, అంటే దొంగ సాఫ్ట్‌వేర్‌కు, ఇదే రాజమార్గం. ఇన్‌స్టాల్ చేసిన సేవలలో మీరు కావాలని పెట్టనిది ఏది ఆన్‌లో ఉన్నా ఆపేయండి. ఆపబోతే తెర దానంతటదే వెనక్కి పోతున్నా, సెట్టింగ్స్ మూసుకుపోతున్నా అది దొంగ యాపేనని తేలినట్టే. సేఫ్ మోడ్‌లోకి (ఎలాగో చివర్లో ఉంది) వెళ్లి తీసేయాలి.

తర్వాత వరసగా ఇవి: డివైస్ అడ్మిన్ యాప్‌లు, నోటిఫికేషన్ యాక్సెస్ ఉన్నవి, ఇతర యాప్‌ల మీద కనిపించే అనుమతి ఉన్నవి, తెలియని యాప్‌లను ఇన్‌స్టాల్ చేయగలిగేవి, డిఫాల్ట్ మెసేజింగ్ యాప్, మీ నెట్‌ను వేరే దారిలో మళ్లించే వీపీఎన్, సైట్ల చిరునామాలు వెతికిపెట్టే ప్రైవేట్ డీఎన్ఎస్. సెక్యూరిటీ విభాగంలో ట్రస్టెడ్ క్రెడెన్షియల్స్ (ఫోన్ నమ్మే సర్టిఫికెట్ల జాబితా) కింద యూజర్ ట్యాబ్ మామూలుగా ఖాళీగా ఉండాలి, ఆఫీసు ఇచ్చిన ఫోన్ అయితే తప్ప. సెట్టింగ్స్‌లో యాప్‌ల పూర్తి జాబితాను చివరిదాకా చూడండి. పేరు లేకుండానో, బొమ్మ లేకుండానో, సిస్టమ్ సర్వీస్ అన్నట్టుగా గంభీరమైన పేరుతో గేరు గుర్తు పెట్టుకునో కూర్చున్నవాటి మీద నొక్కండి. నిజమైన సిస్టమ్ యాప్‌కు సాధారణంగా అన్‌ఇన్‌స్టాల్ బటన్ ఉండదు. దూరం నుంచి ఫోన్ చూడనిచ్చే ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి మంచి యాప్‌లే. ఎవరో ఫోన్‌లో చెప్పగా వేసినవైతే మాత్రం మిగతా పరీక్షలు అక్కర్లేదు, దొంగ వచ్చిన దారి అదే.

ప్లే స్టోర్‌లో ప్రొఫైల్ బొమ్మ నొక్కి ప్లే ప్రొటెక్ట్ (హానికర యాప్‌లను పట్టే గూగుల్ తనిఖీ) స్కాన్ చేయించండి. అది ఆఫ్‌లో ఉంటే, ఆపింది మీరు కాకపోతే, అదే పెద్ద ఆధారం. ఆండ్రాయిడ్ 12 నుంచి కెమెరా, మైకు వాడుతుంటే మూలన పచ్చ చుక్క వెలుగుతుంది. ఐఓఎస్ 14 నుంచి కెమెరాకు పచ్చ, మైకుకు నారింజ. పాత ఫోన్లలో ఈ చుక్క ఉండదు కనుక అది కనిపించలేదని నిశ్చింతగా ఉండకండి.

ఐఫోన్‌లో వెతకాల్సింది తక్కువ. జనరల్‌లో వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్ తెరిస్తే తెలియని ప్రొఫైల్ ఉండకూడదు. ఐఓఎస్ 16 ఆపైన ప్రైవసీ అండ్ సెక్యూరిటీలో సేఫ్టీ చెక్ ఉంది, ఎవరితో ఏం పంచుకుంటున్నారో ఒక్కచోట చూపిస్తుంది. పెగాసస్ లాంటి స్పైవేర్ (రహస్యంగా నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) గురించి భయపడేవాళ్లకు: ఫోన్ వేడెక్కడం దాని ఆనవాలు కాదు, అది ఏ ఆనవాలూ లేకుండా ఉండటానికే తయారైంది. ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2021లో విడుదల చేసిన ఎంవీటీ అనే సాధనం ఫోన్ బ్యాకప్‌లో దాని జాడలు వెతుకుతుంది, నడపడానికి కంప్యూటర్ అలవాటుండాలి.

ఫోన్ కన్నా ఖాతాలే ముఖ్యం

హ్యాక్ అయ్యానని వచ్చేవాళ్లలో చాలామంది ఫోన్‌కు ఏమీ కాదు, పాస్‌వర్డ్ పోయి ఉంటుంది. గూగుల్ ఖాతాలో సెక్యూరిటీ కింద మీ డివైజులు, ఆపిల్ ఖాతా పేజీ అడుగున ఉండే డివైజుల జాబితా, వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, టెలిగ్రామ్‌లో డివైసెస్ తెరిచి మీవి కానివన్నీ సైన్ అవుట్ చేయండి. ఈమెయిల్‌లో ఫార్వర్డింగ్ రూల్స్, రికవరీ ఫోన్ నంబరు మారాయేమో చూడండి. పాస్‌వర్డ్ మార్చినా తిరిగి లోపలికి రావడానికి దొంగ దాచుకునే తాళంచెవులు అవే.

*#21# కొడితే ఫోన్ ట్యాప్ అయిందో లేదో తెలుస్తుందని తిరిగే మెసేజ్ అబద్ధం. ఆ కోడ్ చెప్పేది కాల్స్ అన్నీ వేరే నంబరుకు మళ్లుతున్నాయా లేదా అన్నదే. *#62# కొడితే ఫోన్ అందనప్పుడు ఎటు పోతాయో చూపిస్తుంది. అక్కడ కనిపించే తెలియని నంబరు తరచూ వాయిస్‌మెయిల్‌దే. అయితే కోడ్ కొట్టించి కాల్స్ మళ్లించుకుని ఓటీపీ వినే మోసం నిజంగానే ఉంది కాబట్టి చూడటం తప్పు కాదు. ##002# కొడితే మళ్లింపులన్నీ రద్దవుతాయి.

చివరి రెండు అస్త్రాలు

ఆండ్రాయిడ్ సేఫ్ మోడ్‌లో మీరు వేసుకున్న యాప్‌లు ఏవీ నడవవు. చాలా ఫోన్లలో పవర్ మెనూ తెచ్చి, పవర్ ఆఫ్ అన్నదాన్ని నొక్కి పట్టుకుంటే అడుగుతుంది. ఒక పూట అలా వాడండి. జబ్బు పోతే ఏదో యాప్ వల్లే. ఈమధ్య వేసినవాటి నుంచి ఒక్కొక్కటే తీస్తూ రండి. పోకపోతే హార్డ్‌వేరో, సిస్టమో.

అప్పటికీ తేలకపోతే ఫ్యాక్టరీ రీసెట్. ముందు ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ బ్యాకప్ తీసుకుని, ఆథెంటికేటర్ యాప్‌లో (లాగిన్ కోడ్‌లు ఇచ్చేది) ఉన్న ఖాతాలను వేరే ఫోన్‌కు మార్చుకోండి. ఇది మరచి సొంత ఖాతాలకే తలుపు వేసుకున్నవాళ్లు తక్కువేం కాదు. పాస్‌వర్డ్‌లను శుభ్రమైన మరో డివైజ్ నుంచి మార్చండి, ఈమెయిల్ మొదట, బ్యాంకు తర్వాత. రీసెట్ అయ్యాక యాప్‌లను బ్యాకప్ నుంచి తిరిగి పోసుకోకుండా 24 గంటలు ఫోన్‌ను ఉత్తదిగానే నడపండి. అప్పుడూ ఆరిపోతున్నా, వేడెక్కుతున్నా, తెర నొక్కుకుంటున్నా రిపేరుకే పంపాలి. అరుదుగా కొన్ని చవక ఆండ్రాయిడ్ ఫోన్లలో మాల్వేర్ కర్మాగారం నుంచే సిస్టమ్‌లో కలిసి వచ్చింది. దాన్ని రీసెట్ కదిలించలేదు. మీరు వేసిన యాప్ ఒక్కటీ లేని ఫోన్‌లో తెర నిండా ప్రకటనలు వస్తుంటే అదీ అలాంటిది కావచ్చు, ఫోన్ మార్చేయడమే మేలు.

మీ పాస్‌కోడ్ తెలిసిన ఇంటివాళ్లే నిఘా యాప్ వేశారని అనుమానముంటే పై క్రమం తిరగేయాలి. యాప్ తీసేసిన క్షణం అవతలివారికి తెలిసిపోతుంది, సాక్ష్యమూ పోతుంది. వాళ్ల చేతికి చిక్కని వేరే ఫోన్ నుంచి సహాయం అడిగి, అనుమతుల పేజీలను మరో కెమెరాతో ఫొటో తీసుకుని, మీకు అపాయం లేదనుకున్నాకే తీసేయండి.

ఏ పరీక్షలోనూ దొంగ దొరక్కపోయినా ఆండ్రాయిడ్ అయితే అబౌట్ ఫోన్‌లో సెక్యూరిటీ ప్యాచ్ (భద్రతా లోపాలు సరిదిద్దే అప్‌డేట్) తేదీ చూడండి. అది ఏడాది దాటి అక్కడే ఆగిపోయిందంటే బ్యాటరీ మార్చి ఆ ఫోన్‌ను పాటలకీ, అలారానికీ ఉంచుకోండి. బ్యాంకు యాప్‌ను, ఓటీపీలు వచ్చే సిమ్‌ను మాత్రం ఇంకా అప్‌డేట్లు అందుకుంటున్న ఫోన్‌లోకి మార్చండి.